గీత దాటేదాకా

లకెంబా, ఫిజీ
మార్చి 12

మా ఇసిలేలికి,

అత్త ముద్దులు. ఫోను చేయొచ్చు కదా అత్తా అంటావు. ఫోను అందాలంటే బడి వెనక కొండెక్కాలి. ఎక్కేసరికి ఆయాసంతో చెప్పాల్సింది కాస్తా మర్చిపోతాను. పైగా నీ గొంతు వింటే తిట్టాల్సినవి తిట్టలేను. అందుకే ఉత్తరం. మీతో గస్తీకి వచ్చే ఫిజీ కుర్రాడు అపెనీసా మళ్ళీ మీ పడవెక్కేటప్పుడు పట్టుకెళ్తానన్నాడు.

ఒరేయ్ అల్లుడూ, మీ గస్తీ నౌక మా రేవుకొచ్చి వెళ్ళినప్పటి నుంచి ఈ ఊళ్ళో నా నడకే మారిపోయింది. ఒక పక్క టోంగా జెండా, దాని పక్కనే ఫిజీ జెండా! మా ఆయన ఫిజీ తాతలూ మన టోంగా తాతలూ ఇవే నీళ్ళలో ఒకరి బుర్రలు ఒకరు పగలగొట్టుకున్నవాళ్ళు. ఇవాళ ఇక్కడి అపెనీసా, నా తమ్ముడి కొడుకూ ఒకే పడవలో పక్కపక్కన పడుకుని ఈ సముద్రానికి కాపలా కాస్తున్నారంటే నాకు గర్వంగా ఉండదా? చర్చిలో ముందు వరస ఆడవాళ్ళందరికీ చెప్పాను. చెప్పినవాళ్ళకే మళ్ళీ చెప్పాను. పాస్టరుగారి భార్య "తెలుసమ్మా సేలా, నిన్ననే చెప్పావు" అంది. ఆవిడకి మేనల్లుళ్ళు లేరులే.

నువ్వు మాత్రం యూనిఫాం మీద మన మర్యాద ప్రకారం నడుముకి చాప చుట్టుకుని, గడప దగ్గరే కూర్చుని, నేను తినేదాకా ముద్ద ముట్టలేదు చూడు, నా కళ్ళు చెమ్మగిల్లాయి. మీ నాన్న ఫేలెతి నిన్ను బాగా పెంచాడు. అపెనీసా అయితే ముగ్గురి తిండి ఒక్కడే లాగించి, "అత్తా, ఇంకో చేమదుంప ఉందా?" అన్నాడు. వాడికి నేనెప్పుడు అత్తనయ్యానో!

మీ బావ ఎమోసి బాగానే ఉన్నాడు. క్రిస్మస్‌కి అక్కడికొచ్చి నీ చిన్న పడవ మోటారు ఊడదీసి తెచ్చుకున్నాడు కదా, దాన్ని కన్నబిడ్డలా తుడుస్తున్నాడు. రోజూ దక్షిణం వైపు దూరంగా పోతున్నాడు. చేపలు మాత్రం గుప్పెడు తెస్తున్నాడు. పెద్ద మోటారుకి పెద్ద చేపలు పడాలని ఎక్కడుందిలే.

ఇంకో సంగతి. పోయిన నెల మా పగడపు దిబ్బ మీదకి తెల్లపొడి పొట్లాలు కొట్టుకొచ్చాయి. ఎదురింటి లూసియానా సబ్బుపొడి అనుకుని దుప్పట్లు నానబెట్టింది. నురగ రాలేదని సబ్బు కంపెనీ వాళ్ళని తిట్టింది. పోలీసులొచ్చి దుప్పట్లతో సహా పట్టుకుపోయారు. పాపం, ఇప్పటికీ దుప్పట్లు ఎప్పుడిస్తారని అడుగుతోంది. ఆ పాడు పొడి ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టండిరా.

మోకాలికి నూనె రాసుకోమని మీ నాన్నతో చెప్పు.

నిన్ను చూసి పొంగిపోతున్న
అత్త సేలా

---

నుకుఅలోఫా, టోంగా
ఏప్రిల్ 2

పూజ్యురాలైన అత్తకు,

నీ పాదాల దగ్గర కూర్చుని రాస్తున్నాననుకో. నీ ఉత్తరం అపెనీసా జేబులో సముద్రపు నీళ్ళకి తడిసి, పొయ్యి మీద ఆరి, సగం చేపల వాసనతో నాకు చేరింది. చదవలేదని ఒట్టేశాడు. కానీ "లూసియానా దుప్పట్లు పాపం" అని తనే ముందు అన్నాడు.

నువ్వు ఊళ్ళో చెప్పుకోవడానికి మా పని ఎలా ఉంటుందో రాస్తాను. సముద్రంలో గీత కనిపించదు, కానీ ఉంది. గీతకి ఇటు మన నీళ్ళు, అటు ఫిజీ నీళ్ళు. ఇదివరకు దొంగ పడవ గీత దాటితే మేము పళ్ళు కొరుక్కుంటూ ఆగిపోయేవాళ్ళం. వాళ్ళు అటునుంచి చెయ్యి ఊపి వెక్కిరించేవాళ్ళు కూడా. ఇప్పుడు మా నౌకలో అపెనీసా ఉంటాడు, వాళ్ళ నౌకలో మావాడొకడు ఉంటాడు. మన నీళ్ళలో ఆగమనే అధికారం నాది. గీత దాటగానే మైకు అపెనీసా చేతికిస్తాను. అక్కడ వాడి మాటే చట్టం. మైకు చేతులు మారడానికి ఎంతసేపు పడుతుంది? అంతలోనే రెండు దేశాలు కలిసిపోతాయి. మొదటిసారి అలా ఇచ్చినప్పుడు నా ఒళ్ళు జలదరించింది అత్తా. నవ్వకు.

వాడు గొప్ప మనిషి. అలలు చూసి దిబ్బ ఎక్కడుందో చెప్తాడు. దొరికిన జాలర్లతో కూడా "అన్నా, కాస్త పక్కకి జరుగుతావా" అని మర్యాదగా మాట్లాడతాడు. గురక మాత్రం ఇంజను కంటే పెద్దది.

తెల్లపొడి సంగతి మాకు తెలుసు, అది మత్తుమందు. ఎక్కడివో దూరదేశాల తెరచాప పడవలు వస్తాయి. పీపాలు సముద్రంలో దించుతాయి, లేదా ఊరి పడవలకి అందిస్తాయి. మన దీవుల కుర్రాళ్ళు మోసే కూలీలు. పాపం వాళ్ళకి లోపల ఏముందో చెప్పరు. ఎమోసి బావకి చెప్పగలిగితే చెప్పు. మేనత్త కొడుక్కి ఎదురు చెప్పకూడదు కాబట్టి నేను బావకి బుద్ధులు చెప్పలేను, నీకు తెలుసు. దక్షిణాన తేలే పీపా ఏది కనిపించినా ముట్టుకోవద్దని, నువ్వు చెప్తున్నట్టుగానే చెప్పు.

మోటారు గురించి నాకేం బెంగ లేదు. మేనత్త కొడుక్కి మా ఇంట్లో ఏదైనా తీసుకునే హక్కుంది, బావ తీసుకున్నాడంటే అది బావదే. పోయిన ఏడాది పంది కూడా బావదే అయింది కదా. నాన్న "మా అక్క కొడుకు నా దొడ్డిలో పందిని తీసుకెళ్ళకపోతే ఇంకెవడు తీసుకెళ్తాడు" అని మురిసిపోయాడు. ఆ పంది చాలా మంచిది అత్తా.

నీ దీవెనలు కోరే
ఇసిలేలి

---

లకెంబా
మే 20

ఇసిలేలీ,

ముద్దులు లేవు. నేరుగా సంగతికొస్తాను.

నిన్న నా కొడుకుని మీ నౌకలో తెచ్చి రేవులో దించారు. ఊరంతా చూసింది. అపెనీసా వాడి భుజం మీద చెయ్యి వేసి నడిపించుకొచ్చాడు. నా ఇంట్లో తిన్న చెయ్యి! పడవ అంతా గాలించారట, ఏమీ దొరకలేదట, అయినా మోటారు పట్టుకుపోయారు. నువ్వు ఏం చేస్తున్నావయ్యా అప్పుడు? పైన నిలబడి, సముద్రం వైపు తిరిగి రేవుకి వీపు పెట్టావని లూసియానా కళ్ళారా చూసి చెప్పింది. కిందకి దిగలేదు. అత్త గుమ్మం తొక్కలేదు.

నువ్వే దిగి, "బావా, ఏమిటిది?" అని నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే నేనేమీ అనుకునేదాన్ని కాదు. సొంతవాడు తిట్టాడని సర్దుకునేదాన్ని. పరాయివాణ్ణి మీదకి ఉసిగొల్పి నువ్వు చేతులు కడుక్కున్నావు. యూనిఫాం వేసుకోగానే మేనత్త కొడుకు దొంగలా కనిపించాడా?

వాడు నాకు ప్రమాణం చేసి చెప్పాడు, చేపల కోసమే వెళ్ళానని. నా కొడుకు నాతో అబద్ధం చెప్పడు. ఆ మాట మీ పైవాళ్ళకి చెప్పు, మోటారు తిరిగి ఇప్పించు. ఇది నేను అడగడం కాదు. మేనత్తగా చెప్తున్నాను. నా మాట కాదన్నవాడు మన వంశంలో ఇంతవరకూ లేడు.

చర్చిలో ఇప్పుడు వెనక వరసలో కూర్చుంటున్నాను.

సేలా

---

నుకుఅలోఫా
జూన్ 3

పూజ్యురాలైన అత్తకు,

నీ ఉత్తరం సరుకుల ఓడలో అందింది. నువ్వు చెప్పిన పని నేను చేయలేను. కాదనడం కాదు. ఇప్పుడు నా మాట వినేవాళ్ళు ఎవరూ లేరు. నన్ను నౌక నుంచి దించేశారు. రేవు గోదాములో లైఫ్ జాకెట్లకి తాళ్ళు కడుతున్నాను. విచారణ జరుగుతోంది.

మోటారు బావది. నా పేరు మీద ఉన్నా అది బావదే.

నాన్నకి ఇదేమీ తెలియదు. చెప్పవద్దు. నీ గుమ్మం తొక్కనందుకు క్షమించు. ఇంతకంటే రాయలేను.

ఇసిలేలి

---

లకెంబా
జూన్ 29

నా బంగారు తండ్రీ,

నీ పొట్టి ఉత్తరం చూసి మొదట ఏమనుకున్నానో తెలుసా? "అబ్బో, దొరగారికి పౌరుషం వచ్చింది, నాలుగు ముక్కల్లో తేల్చేశాడు" అనుకున్నాను. చింపి పొయ్యిలో వేయబోయాను. అంతలో వాకిట్లో మనిషి అలికిడి అయింది.

అపెనీసా. చొక్కా లేదు, నడుముకి చాప, తల వంచుకుని మట్టిలో కూర్చున్నాడు. రెండు చేతుల్లో తిమింగలం పన్ను. ఈ దేశంలో అది తెచ్చి కూర్చుంటే ఎంత తప్పయినా క్షమించాలి. ఊరు ఊరంతా కంచెల దగ్గర చేరింది. నేను పన్ను వెంటనే అందుకోలేదు. "నా కొడుకు భుజం మీద చెయ్యి ఎందుకు వేశావు, అది చెప్పు ముందు" అన్నాను.

"చెయ్యి వేసింది లాగడానికి కాదత్తా. బావ కాళ్ళు వణుకుతున్నాయి, పడిపోతాడేమోనని పట్టుకున్నా" అన్నాడు.

"మరి నా మేనల్లుడు ఎందుకు రాలేదు?"

"అది చెప్పడానికే వచ్చా. వాడు చచ్చినా చెప్పడు" అన్నాడు.

ఇక అంతా చెప్పాడు. ఆ రోజు మీ కెప్టెను జ్వరంతో కింద పడుకున్నాడట, హుకుం నీదేనట. మన టోంగా నీళ్ళలోనే తెల్ల తెరచాప పడవ పక్కన మీకు ఊరి పడవొకటి కనిపించిందట, పీపాలు చేతులు మారుతున్నాయట. నువ్వు మైకు తీసుకున్నావు. దుర్భిణిలో చూశావు. నీ మోటారే, మీ బావే. అంతే, నీ నోరు పెగల్లేదు. అక్కడ అపెనీసాకి అధికారం లేదు, గీతకి టోంగా వైపే ఉన్నారు. "కాసేపు ఆగుదాం, గీత దాటనీ" అన్నావట. మీ బావని ఆగమని చెప్పే నోరు నీకు లేదు కనుక, అటు వెళ్ళాక అపెనీసా చెప్తాడని! గీత దాటేదాకా వాడి వెనకే మెల్లగా వచ్చారు. ఆ కాసేపట్లో తెల్ల పడవ జారుకుంది, నా కొడుకు పీపాలు నీళ్ళలో తోసేశాడు.

ఇప్పుడు విచారణవాళ్ళు, మోటారు నీ పేరు మీద ఉంది కాబట్టి దొంగల్లో నువ్వూ ఒకడివంటున్నారట. ఆ పడవ ఎవరిదో గుర్తుపట్టావా అంటే నువ్వు నేలచూపులు చూస్తున్నావట. గుర్తుపట్టానంటే బావ మీద నేరం మోపినట్టే కదా. మోటారు బావ తీసుకెళ్ళాడని కూడా చెప్పలేదట. ఓరి పిచ్చివాడా! పీపాలు దొరక్కపోతే నీ ఉద్యోగం పోతుందని అపెనీసా చెప్పాడు. జైలు కూడా కావచ్చన్నాడు.

అప్పుడు నాకు లూసియానా చెప్పిన నీ వీపు గుర్తొచ్చింది. నువ్వు సముద్రం వైపు తిరిగి నిలబడ్డావు. పెద్దవాళ్ళకి అవమానం జరిగేచోట కళ్ళు తిప్పుకోవాలని నీ చిన్నప్పుడు నీ చెవి మెలిపెట్టి నేర్పింది నేనే. నేను నేర్పిందే చేశావు. నేనేమో అందుకే నిన్ను తిట్టాను.

పన్ను అందుకుని అపెనీసాని లోపలికి పిలిచాను. అన్నం పెడితే ఈసారి సరిగ్గా తినలేదు.

సాయంత్రం ఎమోసిని కూర్చోబెట్టాను. మొదట మళ్ళీ అదే పాట, చేపలు చేపలు. నేను అరవలేదు. అడిగాను: "మామ ఇంట్లో నీకు నచ్చింది తీసుకునే హక్కు నీకెవరి వల్ల వచ్చిందిరా?" "నీ వల్లేనమ్మా" అన్నాడు. "సరే. పంది తీసుకున్నావు, ఊరుకున్నాను. మోటారు తీసుకున్నావు, నవ్వాను. ఇప్పుడు మామ కొడుకు ఉద్యోగం కూడా తీసుకుంటావా? వాడి పరువూ తీసుకుంటావా? చెప్పు, తీసుకో. మీ మామ నోరెత్తడు, నీ వెనక నేనున్నాను కదా. కానీ ఆ హక్కు నాదిరా. నేనిచ్చింది నేనే వెనక్కి తీసుకోగలను."

వాడు ఏడ్చి నిజం ఒప్పుకున్నాడు. పీపాలు ఊరికే పారేయలేదు, రాళ్ళు కట్టి తమకి గుర్తుండే చోట దింపాడు. తర్వాత వెళ్ళి తీసుకుందామని. లోపల ఏముందో వాడికి తెలుసు, ఇసిలేలీ. తెలియదని నీతో అబద్ధం చెప్పను. మర్నాడు వాణ్ణి నేనే చెయ్యి పట్టుకుని అపెనీసా దగ్గరికి నడిపించాను. దారి పొడవునా జనం. ఈసారి కూడా వాడి కాళ్ళు వణికాయి, నేనే పట్టుకున్నాను.

ఇప్పుడు నువ్వు విను. నువ్వు నా మాట కాదనలేవు కదా, అయితే ఇది నా హుకుం. ఒకటి, విచారణలో అన్నీ చెప్పు. బావ పేరుతో సహా. రెండోది, బతికున్నన్నాళ్ళూ గుర్తుంచుకో. నేల మీద నేను నీకు మేనత్తని, నా ముందు నేల మీదే కూర్చో. నీళ్ళ మీద నువ్వు ఆ నౌక మనిషివి. మా ఇంటి పడవ కనిపించినా, గీతకి ఇటైనా అటైనా, నోరు తెరిచి ఆగమను. అందులో నేనున్నా సరే.

మీ నాన్నకి నేను ఫోను చేసి చెప్పేశాను. కొండెక్కి మరీ. తిట్టుకో.

నీ అత్త

---

నుకుఅలోఫా
ఆగస్టు 14

పూజ్యురాలైన అత్తకు,

చెప్పాను. అన్నీ చెప్పాను. బావ పేరు మాత్రం నీ హుకుం గుర్తు చేసుకుని పలికాను.

విచారణ గదిలో మనవాళ్ళిద్దరు, ఫిజీవాళ్ళిద్దరు కూర్చున్నారు. నేను చెప్పడం అయ్యాక మనవాళ్ళలో పెద్దాయన తల పట్టుకుని, "మేనత్త కొడుకా! ముందే చెప్పి చావొచ్చు కదా" అన్నాడు. ఆయనకీ మేనత్తలున్నారట. ఫిజీ ఆవిడ మాత్రం నవ్వలేదు. "నోరు పెగలనప్పుడు కెప్టెన్ని లేపొచ్చు కదా, లేదా పక్కనున్న మరో టోంగావాడికి మైకు ఇవ్వొచ్చు కదా?" అని అడిగింది. నిజమే అత్తా. నాకు తట్టలేదు. మర్యాద అనుకున్నాను, అందులో సగం భయమే.

నా హోదా ఒక మెట్టు తగ్గించారు. కానీ నౌక మీదకి తిరిగి పంపారు. దొంగ కాదని రాసిచ్చారు.

పీపాలు తీసిన రోజు నువ్వు చూడాల్సింది. బావ చూపించిన చోటే ఉన్నాయి. వాళ్ళ నౌకా మా నౌకా పక్కపక్కన నిలబడ్డాయి. ఇద్దరు టోంగా ఈతగాళ్ళు, ఇద్దరు ఫిజీ ఈతగాళ్ళు కలిసి దూకారు. పైకి తేలేసరికి ఎవరు ఎవరో తెలియలేదు. అందరి ముఖాలకీ ముసుగులే. ఒక్కో పీపా పైకి వస్తుంటే రెండు నౌకల వాళ్ళూ ఒకే కేక పెట్టారు. ఆ తెరచాప పడవని అంతకు ముందే పక్క దేశంవాళ్ళు వేరే రేవులో ఆపారని, బావ చెప్పిన గుర్తుల వల్లే పట్టుకోగలిగారని అపెనీసా చెప్పాడు. ఆ పొట్లాలు ఇక ఒక్కటి కూడా ఏ దిబ్బ మీదకీ రావు. లూసియానాతో చెప్పు.

అపెనీసా నన్ను కావలించుకుని ఎత్తాడు. నేను వాడికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక నా దిండు ఇచ్చాను. తిరిగి ఇచ్చేశాడు, "గురక నీ దిండుతో తగ్గదు" అని.

లాకప్‌లో ఉన్న బావని చూడటానికి అనుమతి ఇచ్చారు. నేల మీద కూర్చున్నాను, అలవాటు ప్రకారం. బావ, "లేవరా, ఇక్కడ నేనే కింద ఉన్నాను" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం. మోటారు నాకే ఇచ్చేస్తానన్నాడు. వద్దన్నాను. బావ బయటికొచ్చాక మళ్ళీ తీసుకెళ్తాడులే.

అత్తా, కన్నకొడుకుని చెయ్యి పట్టుకుని నడిపించడం నాకు ఊహకి కూడా అందదు. నా కంటే, మా కెప్టెను కంటే, రెండు నౌకల కంటే నువ్వు గట్టిదానివి. ఇది ముఖం మీద చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

నీ ఇసిలేలి

---

నుకుఅలోఫా, మీ నాన్న ఇల్లు
అక్టోబరు 9

ఒరేయ్ దొంగసచ్చినోడా,

నీ ఇంట్లో, నీ చాప మీద కూర్చుని, సముద్రంలో తిరుగుతున్న నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వు వచ్చేసరికి నేను వెళ్ళిపోతాను కాబట్టి తిట్లన్నీ ఇందులోనే పెడుతున్నాను.

చర్చి మహాసభలకి పడవలో వస్తున్నాం. అందరం కీర్తనలు పాడుకుంటున్నాం. మన నీళ్ళలోకి అడుగుపెట్టామో లేదో, మైకులో ఒక గొంతు: "పడవ ఆపండి." ఆ గొంతు విని లూసియానా, "అయ్యో సేలా, మీవాడే!" అంది. నేను పుంజులా మెడ చాపాను. మేనల్లుడు పలకరించడానికి వస్తున్నాడని చెప్పి, అందరినీ పక్కకి జరిపి, నీకు చోటు కూడా చేశాను.

నువ్వు ఎక్కావు. నన్ను చూశావు. ఒక్క క్షణం నీ మోకాళ్ళు వంగబోయాయి, నేను చూశాను, కాదనకు. తర్వాత నిటారుగా నిలబడి, నలుగురూ వినేలా, "అత్తా, బుట్ట విప్పు" అన్నావు.

పాస్టరుగారి భార్య నోట్లో ఉన్న కీర్తన నోట్లోనే ఉండిపోయింది. నీ వెనక నిలబడ్డ అపెనీసా కళ్ళు మూసుకున్నాడు. నేను విప్పాను. బట్టల కింద, చాపల కింద, మీ నాన్న కోసం నా చేత్తో పండించిన మట్టి పెండలాలు. మట్టితో ఉన్న దుంపలు దేశంలోకి తేకూడదట. నాకు తెలుసు. నువ్వు చూడవనుకున్నాను.

"ఇవి తీసుకోవాలి అత్తా" అన్నావు. తీసుకున్నావు. ఒక్కటి కూడా వదల్లేదు. చిన్నదైనా వదల్లేదు. నీకంటే ఎమోసి నయం, వాడు ఒక్క పంది తీసుకున్నాడు. కనీసం వండుకుని తిన్నారా అంటే తగలబెట్టాలట! ఎంత మంచి పెండలాలురా అవి!

ఇల్లు చేరి మీ నాన్నకి చెప్తే, నవ్వి నవ్వి మోకాలి నొప్పి మర్చిపోయాడు. నన్ను చూసి తల దించుకుని కూర్చునే తమ్ముడు నా ముందు పొట్ట పట్టుకుని నవ్వడం ఈ వయసులో మొదటిసారి చూశాను.

ఎమోసికి శిక్ష పడింది. చెప్పినందుకు తగ్గించారు, అయినా పడింది. నేను ఏడవలేదంటే అబద్ధం. వచ్చే ఏడు బయటికొస్తాడు. వచ్చాక నువ్వే వాణ్ణి సముద్రంలో ఆపి, పడవ తనిఖీ చేసి, ఇంటికి పంపాలి. వాడు నాతో ఇలా అన్నాడు: "ఇసిలేలికి చెప్పు, ఈసారి గీత దాటేదాకా ఆగొద్దని."

పడవలో అందరి ముందు నువ్వు బుట్ట విప్పమన్నప్పుడు నీ గొంతు వణకలేదు. అది విన్నాక తలెత్తి పాస్టరుగారి భార్య వైపు చూశాను. ఆదివారం నుంచి మళ్ళీ ముందు వరసలో కూర్చుంటాను.

పెండలాల సంగతి మాత్రం నేల మీద తేల్చుకుందాం.

నీ అత్త
సేలా